రావు తదితరులు

రామకోటేశ్వరరావు డాబా మీద టెలిస్కోపు కటకం తుడుస్తున్నాడు. పాత పంచె ముక్కతో గుండ్రంగా రుద్దడం, వెలుతురుకు పట్టి చూడడం, మళ్లీ రుద్దడం. అందులోంచి ఆకాశాన్ని చూసి ఏళ్లయింది. ఫ్లైఓవర్ దీపాలొచ్చాక భవానీపురం మీద చందమామా, విమానాలూ తప్ప ఏమీ మిగల్లేదు. అయినా తుడుస్తాడు.

"వానలు రాకముందే దానికో టార్పాలిన్ కొనండి. ఆ పట్టా చీకిపోయింది," అంది శివపార్వతి, కాఫీ గ్లాసు పిట్టగోడ మీద పెడుతూ.

"సాయంత్రం తెస్తాలే."

"ఎవరన్నా ఉదహరించారా?"

ఆ ఇంట్లో ఇది పాలవాడొచ్చాడా అన్నంత మామూలు ప్రశ్న. ఒకరు రాసిన పరిశోధనను ఇంకొకరు తమ వ్యాసంలో పేర్కొంటే అదొక ఉదహరింపు. కాలేజీల్లో మనిషిని ఇప్పుడు దాంతోనే తూస్తున్నారు. అతను ఫోనులో కాలేజీ వాళ్లిచ్చిన ఖాతా తెరిచాడు. వేములపల్లి రామకోటేశ్వరరావు. పక్కన సున్నా.

జీవితం మొత్తానికి అతను రాసింది ఒకే వ్యాసం, ఒక జంట నక్షత్రం మీద. రెండు నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఒకటి రెండోదానికి అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు తగ్గుతుంది. పెళ్లయిన కొత్తలో ఈ డాబా మీదే అతను గొట్టానికి కన్ను ఆనించి "ఇప్పుడు" అనేవాడు. శివపార్వతి టార్చికి ఎర్రకాగితం చుట్టుకుని టైము రాసేది. కొత్త పెళ్లికూతురు డాబా మీద ఏం రాస్తోందో వీధికి అర్థమయ్యేది కాదు.

ఉదహరింపు ఒక్కటైనా లేనివాళ్లను ఈ ఏడాది నుంచి కొనసాగించేది లేదని యాజమాన్యం చెప్పేసింది. ఆ జాబితా తేలేది ఇవాళే.

గేటు దగ్గర ఎదురింటి పద్మశ్రీ ఆపింది. "మాస్టారూ, మా కోడలికి కాన్పు ఆపరేషనండీ. ఇవాళైనా రేపైనా చేస్తానన్నారు డాక్టరుగారు. ఏ నక్షత్రం మంచిదండీ?"

"నేను చూసేది ఆ నక్షత్రాలు కాదమ్మా."

"ఏవైనా పైనున్నవేగా మాస్టారూ. ఓ మంచిది చూసి చెబుదురూ."

బస్సు టైమైపోతోంది. "రేపు చేయించండి," అన్నాడు. పద్మశ్రీ రెండు చేతులూ జోడించింది.

కాలేజీ కంకిపాడు దాటాక పొలాల మధ్య ఉంటుంది. పరిశోధన వ్యవహారాలు చూసే రుచిత ఒకప్పుడు అతని దగ్గర చదువుకున్న పిల్లే. అతన్ని చూడగానే లేచి నిలబడింది.

"సర్, ఆ వ్యాసంలో మీ పేరు ఏమని వేశారు?"

"అందరిలాగే. వి. ఆర్. కె. రావు."

"అక్కడే పోయిందండీ. ఈ ఉదహరింపులు లెక్కకట్టే వాళ్లకి చివర ఉన్నదే ఇంటిపేరు. మిమ్మల్ని రావు గారింటి వాళ్లని చేసేశారు."

కంప్యూటరు అతని వైపు తిప్పింది. అతని వ్యాసాన్ని వందలమంది ఉదహరించారు. ఆ వెలుగు తగ్గే వేళల్లో చిన్న తేడా పట్టుకుని, ఆ జంట చుట్టూ ఒక గ్రహం తిరుగుతోందని ఎక్కడో కనిపెట్టారు. అంత పాత లెక్కలు ఇంకెవరి దగ్గరా లేవట. ఆ వందలూ మరో వి. ఆర్. కె. రావు ఖాతాలో ఉన్నాయి. ఆయన పరిశోధన రొయ్యల మేత మీద. మేతకూ మేతకూ మధ్య అతని జంట నక్షత్రం.

"ఆయన చూసుకోలేదా?"

"చూసుకునే ఉంటారు సర్. పోయినేడు ఎక్కువ ఉదహరింపులున్నాయని అవార్డు కూడా ఇచ్చారు."

రామకోటేశ్వరరావుకు నవ్వొచ్చింది. రుచితకు రాలేదు.

"మార్చమని అర్జీ పెడతానండి. నెలలు పడుతుంది. మన లిస్టేమో పొద్దున్నే వెళ్లిపోయింది."

"అందులో నాకు?"

"సున్నా అండీ."

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. నిన్నటిదాకా ఆ సున్నా అయినా తనది. ఇప్పుడు వందలున్నాయి, ఒక్కటీ తనది కాదు. ఎడమ భుజం లాగుతోంది. సంచీ బరువనుకుని కుడిచేతికి మార్చుకున్నాడు.

"టార్పాలిన్ ఏదండీ?" అంది శివపార్వతి.

"మర్చిపోయాను." వాలుకుర్చీలో కూలబడ్డాడు. "మన వ్యాసాన్ని చాలామంది ఉదహరించారు పార్వతీ. మొదటి పేరొక్కటే వేసి, రావు తదితరులు అని రాస్తున్నారు."

"తదితరులెవరు?"

"నువ్వే. అప్పట్లో నీ పేరు కూడా పెట్టాగా."

ఆవిడ కాసేపు కొంగు అంచు సరిచేసుకుంది. "మరి రావు?"

"నేను కాదు. రొయ్యలాయన." జరిగింది చెప్పాడు. ఉద్యోగం సంగతీ చెప్పాడు.

అంతా విని, "అయితే నేనిప్పుడు రొయ్యలాయనకి తదితరులన్నమాట," అంది.

అతను నవ్వాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆవిడ కాఫీ కలపడానికి లోపలికి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు. పడుకోనీ అనుకుని, గ్లాసు స్టూలు మీద పెట్టి, ఆరేసిన బట్టలు మడతపెట్టడానికి వెళ్లింది. మళ్లీ వచ్చేసరికి కాఫీ మీద మీగడ కట్టింది. ముందు వేడిచేద్దామని గ్లాసు అందుకుంది. తర్వాత పిలిచింది. తర్వాత గట్టిగా పిలిచింది.

సందు మొగలో శ్రద్ధాంజలి ఫ్లెక్సీని పద్మశ్రీ కొడుకే కట్టించాడు. ఫొటో కింద ఇంటిపేరుతో సహా పేరంతా ఒక్క తప్పు లేకుండా వేయించాడు. దాని కింద: ప్రముఖ జ్యోతిష్కులు. పద్మశ్రీ వచ్చి, ఫోనులో పసిగుడ్డు ఫొటో చూపించి, "ఆయన పెట్టిన ముహూర్తమేనండీ," అని కళ్లొత్తుకుంది. శివపార్వతి దిద్దలేదు.

పెద్దకర్మ అయ్యాక ఫ్లెక్సీ విప్పి ఆవిడకే ఇచ్చి వెళ్లారు. మర్నాడు మబ్బు పట్టింది. శివపార్వతి దాన్ని డాబా మీదకు మోసుకెళ్లి, అక్షరాలున్న వైపు లోపలికి పెట్టి, టెలిస్కోపు చుట్టూ కప్పి, బట్టల తాడుతో బిగించింది. బయటికి కనిపించేది ఒట్టి తెలుపే. దాని మీద తొలి చినుకు పడి, కాసేపు ఆగి, జారిపోయింది.