చెల్లెల్ని ఏమని పిలవాలి

అప్పయ్య కలం పట్టాడంటే సంబోధనకే సగం కాగితం హారతి కర్పూరమైపోయేది. రంగూనులో, మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఉన్న తెలుగు కూలీలకు ఉత్తరాలు రాసిపెట్టేది ఆయనే. రేవులో బస్తాలు మోసేవాడి తండ్రి కూడా ఆయన చేతిలో పడితే మహారాజశ్రీ కావలసిందే. "ఇది ఇంటే మా అయ్య ఇంక నాగలి పట్టడు బాబూ" అని నవ్వేవాళ్ళు. ఆయన చలించేవాడు కాదు.

రేవు మేస్త్రీ బుల్లియ్య నెలనెలా వచ్చి, భీమిలి దగ్గర పల్లెలో ఉన్న చెల్లెలికి ఉత్తరం రాయించుకునేవాడు. "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి సన్యాసమ్మకు" అని అప్పయ్య చదివి వినిపిస్తుంటే, పక్కన కూర్చున్న దండాసి మీసం దువ్వుకునేవాడు. ఆ సౌభాగ్యం తనేగదా మరి! దండాసి సన్యాసమ్మ మొగుడు. కళ్ళలో పెట్టుకుని చూసుకుంటానని చెల్లెలికి మాటిచ్చి, అతన్ని ఓడ ఎక్కించి తెచ్చింది బుల్లియ్యే.

ఈసారి బుల్లియ్య ఒక్కడే వచ్చాడు. ఏటికి అవతల దలాలో పనికి కూలీలను దాటిస్తున్న చిన్న పడవ, స్టీమరు లేపిన కెరటానికి బోల్తా కొట్టింది. బుల్లియ్యతో సహా అందరూ ఒడ్డెక్కారు, దండాసి తప్ప. దలా బెస్తలు వలలు వేసి వెతికారు. శవం దొరకలేదు.

"ఏటి రాయమంటావు మేస్త్రీ?" అన్నాడు అప్పయ్య.

"జరిగింది రాసీ బాబూ."

"అది కింద రాస్తాను. పైన ఏటని రాయమంటావు?"

ఆ సంగతే తోచలేదు బుల్లియ్యకు. సౌభాగ్యవతి అంటే పచ్చి అబద్ధం. మొగుడు పోయిన ఆడదానికి రాసే మాట వేరే ఉంది, గంగాభాగీరథీ సమానురాలు అని. ఎంత పెద్ద నదుల పేర్లు పెట్టి ఎంత చిన్న బతుకు చేతిలో పెడతారో! పల్లెలో బడిపంతులు అరుగు మీద కూర్చుని ఉత్తరం పైకి చదువుతాడు. ఆ మొదటి మాట ఆయన నోట్లోంచి ఊడిపడగానే ముసలమ్మలు చెల్లెలి చేతులు పట్టుకుంటారు, గాజులు పగలగొడతారు. ఇంకా ఇరవయ్యేళ్ళు నిండని పిల్ల. ఆ పని అన్న చేతిమీదుగా జరగాలా?

"శవం దొరకనేదు కదా," అన్నాడు.

"దొరకనేదు. మరి బతికున్నాడంటావా?"

ఆ రోజు నీళ్ళలో దండాసి చెయ్యి బుల్లియ్య చేతికి అందింది, అందినట్టే అంది జారిపోయింది. తల ఒకసారి పైకి వచ్చింది, మళ్ళీ రాలేదు. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు.

"ఆ పెద్ద మాటలేవీ వొద్దు బాబూ. 'అమ్మా సన్నీ' అని రాసీ. సిన్నప్పుడు నాను అలాగే పిలిసీవోడిని."

"తప్పు మేస్త్రీ. ఊరంతా ఇంటాది. ఏదో ఒకటి ఉండాల."

"నీ కాళ్ళట్టుకుంటాను. రాసీ."

అప్పయ్య రాశాడు. తామెక్కిన పడవ మునిగిందనీ, దండాసి కనబడలేదనీ, ఇంకా వెతుకుతున్నారనీ రాశాడు. దెబ్బ తగలకుండా చెల్లెల్ని కాచుకున్నాననుకున్నాడు బుల్లియ్య, వెర్రివాడు.

ఓడ టపాలో జవాబు వచ్చింది. సన్యాసమ్మ చెప్పింది చెప్పినట్టే రాసి పంపినట్టున్నాడు బడిపంతులు. అప్పయ్య చదివాడు.

"అన్నా, నీ ఉత్తరం పంతులుగారు సదివినారు. సన్నీ అనీసరికి అరుగంతా సడీసప్పుడూ నేదు. సౌభాగ్యవతి అని ఉందేమో మళ్ళీ సూడమన్నాను. నేదన్నారు. పోనీ రెండో మాట ఉందా అన్నాను. అదీ నేదన్నారు. మా అత్త గాజులు తీసీమంటాది, అమ్మ వొద్దంటాది. బొట్టెట్టుకుంటే ఒకలు తిడతారు, తుడిసీస్తే ఒకలు తిడతారు. పేరంటానికి నన్నెవులూ పిలవరు. నాతోటి ఏడ్డానికీ ఎవులూ రారు. రోజూ ఆడి వాటా కూడొండి మూతెడతన్నాను. కళ్ళారా సూసినోడివి నువ్వే. ముద్దుపేరెట్టి పిలిసి నన్ను సిన్నపిల్లని సెయ్యకు. ఇప్పుడు నానెవులో రాసి పంపు."

బుల్లియ్య తలగుడ్డ తీసి మొహం కప్పుకుని ఏడ్చాడు. కూడబెట్టుకున్న ఏడుపంతా వచ్చింది. అప్పయ్య ఓదార్చలేదు, కాగితం సర్దుకుని కూర్చున్నాడు.

"సూసినాను బాబూ," అన్నాడు బుల్లియ్య చివరికి. "ములిగిపోతుంటే సూసినాను. సెయ్యి నా సేతిలోంచే జారిపోనాది. అదంతా రాసీ. ఇన్నాళ్ళూ దాసినాననీ రాసీ."

"మరి పైన?"

ఆ మాట బుల్లియ్య చాలాసార్లు విన్నాడేగాని నోటితో ఎన్నడూ అనలేదు. నాలుక తిరగలేదు. ముక్కముక్కగా పలికాడు.

"గంగా... భాగీరథీ... సమానురాలైన... నా సెల్లి సన్యాసమ్మకి."

అప్పయ్య రాసి, అలవాటుకొద్దీ "అన్న బుల్లియ్య ఆశీర్వదించి" అని పైకి అనుకుంటూ కలం ముంచాడు. బుల్లియ్య ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆశీర్వదించి కాదు బాబూ," అన్నాడు. "దణ్ణమెట్టి అని రాసీ."