గాలికి తిరిగే కొట్టం

పొద్దున లేవగానే గ్రిజెల్ మొదటి పని, తలుపు ఎటుందో చూడ్డం. బల్నార్ ఎస్టేటులో నూర్పిడి కొట్టం రాత్రిపూట గాలికి దానంతటదే తిరిగేది. ఎదురెదురు తలుపులు తెరిస్తే గాలి నేరుగా దూరి పొట్టు ఎగరగొట్టాలి కదా, అందుకని. ముందురోజు సాయంత్రమే మబ్బు చూసి అది ఎటు తిరగబోతుందో గ్రిజెల్ చెప్పేది. బండివాళ్ళు బార్లీ మోపులు ఆ పక్కనే దింపేవాళ్ళు. ముప్ఫై ఏళ్ళుగా ఇదే బతుకు. మొగుడు పోయాక తలదాచుకున్న గుడిసె కూడా ఈ పనిమీద ఇచ్చిందే.

జమీందారుకి అభివృద్ధి పురుగు కుట్టింది. ఎడింబరో నుంచి పటం తెప్పించాడు. నాలుగు వైపులా రాతి కొట్టాలు, నడుమ పేడగుంత, గుర్రాలు గుండ్రంగా నడిస్తే తిరిగే నూర్పిడి యంత్రం. గాలి కూడా అదే విసురుతుందట. దేవుడి గాలే అక్కర్లేకపోయాక గ్రిజెల్ ఎవరిక్కావాలి? వచ్చే నవంబరులో మార్టిన్మస్ పండగ గడువుకి గుడిసె ఖాళీ చెయ్యమని దివాను డర్నో చెప్పిపోయాడు. అరవై రెండేళ్ళదాన్ని పనిలో పెట్టుకునేవాడు చుట్టుపక్కల లేడు. మిగిలింది చర్చివాళ్ళు పెట్టే ముష్టి.

వసంతంలో పాత కొట్టం గోడలు విప్పుతుంటే ఆమె మేస్త్రీ దగ్గరికెళ్ళి, ఆ రాళ్ళు కొత్త గోడల్లో పెట్టొద్దని చెప్పింది. చెక్కిన రాయి కాళ్ళదగ్గరుండగా గనిదాకా బండ్లు తోలే వెర్రివాడు ఈ దేశంలో పుట్టలేదని మేస్త్రీ నవ్వాడు. రెండోసారి చెప్పే ఓపిక ఆమెకు లేదు.

గడువు రోజున గ్రిజెల్ కుండా దుప్పటీ మూటగట్టి గడపమీద కూర్చుంది. డర్నో వచ్చాడు. యంత్రం నడవడం మొదలై వారమైంది. ఆ వారంలోనే పాత రాళ్ళతో లేచిన కొత్త కొట్టాలు నాలుగూ కలిసి రెండుసార్లు తిరిగాయి. బాటవైపుండాల్సిన వాకిలి బురదవైపు తిరిగిపోయింది. బయట తిరిగే గుర్రాల దగ్గర్నుంచి గోడలోకి వెళ్ళే ఇరుసు రెండుసార్లూ విరిగింది.

"ముందే తెలిస్తే ఇరుసు ఊడదీసి ఉంచుకుంటాం," అన్నాడు టోపీ చేతుల్లో నలుపుతూ. "రేపెటు, గ్రిజెల్ అమ్మా?"

"నిన్నటిదాకా ముసలిదాన్నేగా. ఇవాళ అమ్మనయ్యానా దొరా?"

"గుడిసె నీదే. బతికున్నన్నాళ్ళూ."

"అది నోటిమాట. కాగితమ్మీద పెట్టండి."

అతను మోకాలిమీద పెట్టుకుని రాశాడు. ఆమె ప్రతి అక్షరం చదివి, ఒక మాట కొట్టేయించి, అప్పుడు ఆకాశం చూసింది.

"వాయవ్యానికి. తెల్లారకముందే."

అతను పరిగెత్తాడు. గ్రిజెల్ మూట లోపలికి ఈడ్చింది. ఇక పొద్దున్నే లేవక్కర్లేదని కాళ్ళు వసంతం నుంచీ ఆశపెట్టుకున్నాయి. వాటికేం చెప్పాలో ఆమెకు తోచలేదు.