మంద లెక్క

జాబ్ మేళా అంటే ఉద్యోగాలు పంచిపెట్టే చోటని పెద్దారవీడు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా నమ్మేవాళ్ళున్నారు. గోపిక ఆ నమ్మకం ఎప్పుడో వదిలేసింది. బీయస్సీ అయినప్పటినుంచి ఆమె తిరగని మేళా లేదు. ఒంగోలు అయింది, గిద్దలూరు అయింది, మార్కాపురం సంగతి సరేసరి. ఎక్కడికి పోయినా అదే షామియానా, అదే దీపం వెలిగించడం. యువతే ఈ దేశానికి వెన్నెముక అని వేదిక మీద పెద్దమనుషులు చెబుతూ ఉంటే, ఆ వెన్నెముకలన్నీ కింద ఎండలో నడుములు పట్టుకుని నిలబడి ఉంటాయి. సాయంత్రానికి ఒక పులిహోర పొట్లం, ఫోన్ చేస్తామన్న ఒక మాట మిగిలేవి. రెంటిలో పులిహోరే నయం, తినడానికైనా పనికొచ్చేది.

ఒక్కసారి మాత్రం నిజంగానే ఉద్యోగం వచ్చింది. తిరుపతి అవతల ఫోన్లు బిగించే ఫ్యాక్టరీ. షిఫ్టంతా నిలబడే పని, హాస్టల్లో ఒక గదికి పదిమంది. కొన్ని నెలలకే ఒంట్లో రక్తం తగ్గిపోయి లైన్లోనే కళ్ళు తిరిగి పడింది. తల్లి పుల్లమ్మ ఎన్నడూ రైలెక్కని మనిషి, దారి అడుక్కుంటూ పోయి కూతుర్ని ఇంటికి తెచ్చుకుంది. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీవాళ్ళే మళ్ళీ ఫోన్ చేశారు. సోమవారం బస్సు పంపిస్తాం, వస్తే రా, లేకపోతే ఇంకొకరికి ఇస్తాం అన్నారు. వస్తానని గోపిక ఒప్పుకుంది. ఒప్పుకోక ఏం చేస్తుంది? నాయన పోయాడు. ఉన్న గొర్రెల మందతో ఇద్దరు మనుషులకు ఏడాది పొడుగునా గడవదు.

ఆ వారంలోనే దయామణి మేడం ఫోన్ చేసింది. మార్కాపురంలో నిరుద్యోగులకు ఇంటర్వ్యూలు నేర్పే మనిషి. ఎంతమందికి నేర్పినా ఓపిక చావలేదు, అదే ఆశ్చర్యం.

"గోపికా, శనివారం మేళాకి ఒక కొత్త కంపెనీ వస్తోంది. గొర్రెలకీ మేకలకీ దాణా, మందులు, బీమా చూస్తారు. ఫీల్డ్ అసిస్టెంట్లు కావాలంట, అది కూడా మీ మండలానికి. ఇంట్లో ఉండే చేసుకోవచ్చు. నిన్ను కాక ఇంకెవర్ని తీసుకుంటారే?"

గోపికకు ఆశ పుట్టింది. పుట్టినందుకు తన మీద తనకే విసుగొచ్చింది. ఆశ పడితే మళ్ళీ తయారవ్వాలి కదా, ఆ తయారవ్వడమే ఆమెకు పెద్ద అలసట.

అయినా తయారైంది. మేడం చెప్పినట్టు రెజ్యూమె కొత్తగా రాసి, ఇన్నాళ్ళూ నామోషీపడి రాయని ముక్క ఈసారి పైనే పెట్టింది: గొర్రెల పెంపకంలో చిన్ననాటి నుంచి అనుభవం. మేత దగ్గర బండ మీద కూర్చుని, తన గురించి తాను ఇంగ్లీషులో చెప్పుకోవడం సాధన చేసింది. ఎదురుగా గొర్రెలు నెమరు వేస్తూ విన్నాయి. ఇంతవరకు ఆమె చెప్పింది చివరిదాకా విన్న ఇంటర్వ్యూ బోర్డు అదొక్కటే.

శనివారం పొద్దున పుల్లమ్మ చీర మార్చుకుని వచ్చి నిలబడింది.

"నేనూ వస్తా."

"నువ్వెందుకే అమ్మా? మందను ఎవరు తోలుకుపోతారు?"

"మీ ఓబులేసు మామకు జెప్పినాలే. పద."

ఇంతకుముందు ఏ మేళాకూ రాని మనిషి ఇప్పుడెందుకు వస్తోందో గోపిక అడగలేదు. సోమవారం గురించి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

కాలేజీ ఆవరణలో ఉపన్యాసాలు ముగిసేసరికి ఎండ నెత్తికెక్కింది. తలుపులు తియ్యగానే కుర్రాళ్ళంతా పెద్ద పేరున్న కంపెనీల బల్లల మీదికి విరుచుకుపడ్డారు. మేడం చెప్పిన మొదటి పాఠం అలా పోవద్దని. ముందు ఒక చుట్టు తిరిగి ఎవరు వచ్చారో, ఎవరికి ఏం కావాలో చూసుకోమంది. గోపిక తిరిగింది. మందుల ప్యాకింగు హైదరాబాదులో, గోడౌను పని చెన్నైలో, ఫోన్ల ఫ్యాక్టరీ తనకు తెలిసిందే. అందరూ ఇక్కడికొచ్చి ఇక్కడివాళ్ళను ఎక్కడికో తోలుకుపోయేవాళ్ళే. చివరి గదిలో గొర్రె బొమ్మ ఉన్న బ్యానరు కనబడింది. దాని ముందు వరస చిన్నదే. పుల్లమ్మ గోడవారగా చతికిలబడి, చెప్పులు విప్పి, అరికాళ్ళు నేలకు ఆనించి చల్లబరుచుకుంది.

బల్ల వెనక ఉన్నాయన పేరు ఆనంద్, విజయవాడ నుంచి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. పొద్దుటినుంచి అవే ప్రశ్నలు అడిగి అడిగి అతని మొహం కూడా వాడిపోయింది. రెజ్యూమె చూడగానే కొంచెం తెరిపినపడ్డాడు.

"బీయస్సీ. గొర్రెల్లో అనుభవం. మాకు సరిగ్గా ఇలాంటివాళ్ళే కావాలమ్మా. టీకాలు తెలుసా?"

"తెలుసు సార్."

"నట్టల మందు తాగించడం?"

"మా మందకు నేనే తాగిస్తా సార్."

"బాగుంది. ఎన్ని గొర్రెలున్నాయి మీకు?"

అన్ని ప్రశ్నలకూ తయారైంది గోపిక. బలమేంటి, బలహీనతేంటి, అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటావు, అన్నీ. ఈ ప్రశ్నకు మాత్రం తయారవ్వలేదు. ఎందుకు తయారవుతుంది? తమ వైపు ఎవరైనా అడుగుతారా ఆ మాట! జీతమెంత అని అడగొచ్చు, వయసెంత అని అడగొచ్చు. మంద ఎంత అని మర్యాద తెలిసినవాడెవడూ అడగడు, అడిగినా ఎవరూ చెప్పరు.

"ఉన్నాయి సార్," అంది.

"అదే, ఎన్ని?"

"దేవుడి దయవల్ల ఉన్నాయి సార్."

ఆనంద్ పెన్ను పక్కన పెట్టాడు.

నోటితో చెబితే మంద నిలవదు. వాళ్ళ ఇళ్ళలో పిల్లలకు మాటలతోపాటే వచ్చే సంగతి ఇది. తక్కువ చేసి అబద్ధం చెప్పినా కుదరదు, చెప్పినకాడికే దిగిపోతాయంటారు. పుల్లమ్మ సాయంత్రం దొడ్డి తడిక దగ్గర నిలబడి లెక్కపెట్టదు, మొహాలు చూస్తుంది. రానిదేదో ఆమెకే తెలిసిపోతుంది. టీకాలవాళ్ళు వచ్చి ఎన్నమ్మా అంటే, ఉన్నవాటికి వెయ్యి నాయనా అంటుంది. గోపిక నాయన ఒక్కసారి తప్పాడు. ఎవరిదో పెళ్ళిలో, నలుగురి మధ్య, మంద బాగా పెరిగిన సంబరంలో లెక్క చెప్పేశాడు. ఆ వానల్లోనే నీలి నాలుక రోగం వచ్చి సగం మంద నేలపాలైంది. ఆ తర్వాత ఆయన నలుగురిలో నోరు విప్పడమే మానేశాడు. ఆ దిగులే ఆయన్ను తీసుకుపోయిందని పుల్లమ్మ ఇప్పటికీ అంటుంది.

రోగం దోమకాటుతో వస్తుందని గోపిక చదువుకుంది. లెక్క చెబితే రాదని తెలుసు. అంకె కూడా తెలుసు. తెలిసినా నాలుక లేవలేదు. చెప్పు, చెప్పేయి, ఒక్క అంకె, అని లోపల తన్నుకుంటూనే ఉంది.

"చూడమ్మా," అన్నాడు ఆనంద్. కోపంగా కాదు, నీరసంగా అన్నాడు. "ఇంటింటికీ వెళ్ళి ఎన్ని జీవాలున్నాయో అడిగి రాయడమే ఈ ఉద్యోగంలో మొదటి పని. లెక్క లేకపోతే బీమా లేదు, మందులూ లేవు. నీ ఇంటి లెక్కే చెప్పలేనిదానివి ఎదుటివాళ్ళ చేత ఎలా చెప్పిస్తావు? అసలు మీకు గొర్రెలున్నాయా, లేక ఉద్యోగం కోసం రాశావా?"

రెజ్యూమె తీసి కుడిచేతివైపు ఉన్న దొంతరలో పెట్టాడు. పనికిరానివన్నీ అక్కడికే పోతున్నాయని వరసలో నిలబడ్డప్పుడే గోపిక గమనించింది. ఆమెకు ఏడుపు రాలేదు. ఏడవడానికైనా కొంచెం ఓపిక ఉండాలి. బస్సు ఎన్నింటికి వస్తుందో, హాస్టల్లో కింది మంచం దొరుకుతుందో లేదో అన్న ఆలోచనలోకి అప్పుడే పోయింది మనసు.

"సారూ."

పుల్లమ్మ చెప్పులు గోడ దగ్గరే వదిలేసి బల్ల దగ్గరికి వచ్చింది.

"ఎవరమ్మా మీరు?"

"ఈ పిల్ల తల్లిని. మంద నాది. ఆ యమ్మి జెప్పదు. నేను జెప్తా, రాసుకో."

"అమ్మా, వద్దు," అంది గోపిక.

పుల్లమ్మ ఆమెవైపు చూడలేదు. పెద్దవి ఎన్నో చెప్పింది. పొట్టేళ్ళు ఎన్నో చెప్పింది. మొన్న పుట్టిన పిల్లలు ఎన్నో, కడుపుతో ఉన్నవి ఎన్నో చెప్పింది. ఆమె గొంతు సన్నం కాదు, వరసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. ఆ అంకెలు ఇక్కడ రాయను. ఆమె చెప్పుకున్నది కూతురి కోసం, మనకోసం కాదు.

అమ్మ చెప్పిన లెక్కలో ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు.

ఆనంద్ రాసుకుని, రెజ్యూమెను దొంతరలోంచి మళ్ళీ బయటికి తీశాడు. "సరే, మీ అమ్మగారు చెప్పారు. రేపు ఊళ్ళోకి వెళ్తావు, నీలాగే ఎవరూ నోరు విప్పరు. అప్పుడేం చేస్తావు?"

నేర్చుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయింది. ఇంటి మాటే వచ్చింది.

"ముందు మా జీవాలెన్నో జెప్తా సార్. మా అమ్మ జెప్పిన లెక్కే జెప్తా. పుల్లమ్మే జెప్పిందంటే వాళ్ళూ జెప్తారు."

ఆనంద్ పక్కనున్న కాగితాల్లోంచి ఒకటి తీసి, పేరు రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టి ఇచ్చాడు. సోమవారం నుంచి మార్కాపురంలోనే శిక్షణ, తర్వాత సొంత మండలం. వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. గోపికకు మాత్రం తన నోటినుంచి వచ్చిన మాట అప్పుడే బుర్రకెక్కింది. ప్రతి ఊళ్ళో, ప్రతి గడప దగ్గరా ఆ అంకెలు తనే చెప్పాలి. నాయన ఒక్కసారి చెప్పాడు. తను రోజూ చెప్పాలి.

బయట పలకల దుకాణాల మీదుగా బస్టాండుదాకా ఇద్దరూ నడిచారు. దారిలో గోపిక దయామణి మేడంకు ఫోన్ చేసి ఉద్యోగం వచ్చిందని చెప్పింది. అవతల ఆమె అరిచిన అరుపుకు ఫోను చెవికి దూరం పెట్టుకోవాల్సి వచ్చింది. సంతోషం ఇంకా తనదాకా రాలేదని గోపికకు తెలుస్తూనే ఉంది.

పెద్దారవీడు బస్సు ఇంకా రాలేదు. పుల్లమ్మ అరుగు మీద కూలబడి మోకాళ్ళు నొక్కుకుంది. ఒక్కపూటలో పదేళ్ళు పైబడ్డట్టు ఉంది మనిషి.

"ఎందుకు జెప్పినావమ్మా?" అంది గోపిక. "నువ్వు నమ్ముతావు గదా."

"నమ్ముతా."

"మరి అవి పోతే?"

పుల్లమ్మ రోడ్డు వైపు, బస్సు వచ్చే వైపు చూస్తూ ఉంది.

"పోతే పోతాయి," అంది. "మళ్ళా యాడనో ఒకచోట నాలుగు కొని తెచ్చుకుంటాం. నిన్ను యాడ కొని తెచ్చుకునేది?"