గుప్పెడు బొగ్గు

పాలకు బయల్దేరేముందు, ఫ్యాక్టరీలో బొగ్గు వేసే బాయిలర్ మనిషి భార్య తలుపు ఓరగా తీసి, పొగ ఏ వైపు ఉందో చూసుకునేది. ఆ వీధిలో అందరూ అంతే. ఫ్యాక్టరీ చిమ్నీలోంచి దిగే పొగ మనుషుల్ని కొడుతుంది. దానికి పిడికిళ్లున్నాయి, మోకాళ్లున్నాయి. ఒకరోజు చెంపదెబ్బతో పోనిస్తుంది, ఒకరోజు పక్కటెముక విరిచిగానీ వదలదు. ఫ్యాక్టరీ రాకముందు ఒక్కపూట తిని పడుకున్న వీధి అది. ఇప్పుడు ఇంటికో ఫ్రిజ్జు, మలుపుకో కట్లు కట్టే దుకాణం. ఆ దుకాణాల వాళ్లూ మేడలు లేపారు. అభివృద్ధి ఊరికే వస్తుందా మరి.

బొగ్గు వేసిన చేతిని మాత్రం పొగ ముట్టదు. అందుకే పదేళ్లుగా బాయిలర్ మనిషి ఒంటిమీద గీత లేదు. అతని మొదటి బిడ్డ మాత్రం భూమ్మీద పడకుండానే పోయింది. పొగ అతని భార్య కడుపులో తన్నింది. అప్పట్నుంచి ఆమె మొహం చూడాలంటే అతనికి సిగ్గుగా ఉండేది.

ఆమెకు మళ్లీ ఏడో నెల వచ్చేసరికి ఫ్యాక్టరీకి పెద్ద ఆర్డరు తగిలింది. చిమ్నీకి పొగ ఆపే ఫిల్టర్ ఉంటే పని నెమ్మదిస్తోందని యజమాని దాన్ని పీకించేశాడు. పొగ చెయ్యి బరువెక్కింది. ఆ వారమే అది దర్జీని మిషను ముందునుంచి ఎత్తి ఎదురుగోడకు రెండుసార్లు కొట్టింది. రెండోసారికి అతనికి మొహం లేదు. జనం గోడ కడిగి షిఫ్టుకు వెళ్లారు.

"సార్, ఫిల్టర్ మళ్లీ పెట్టించండి. మా ఆవిడకి ఏడో నెల," అన్నాడు బాయిలర్ మనిషి.

సూపర్‌వైజర్ చెడ్డవాడేం కాదు. అతని చెయ్యీ కట్టులోనే ఉంది. "పెడితే ఆర్డరు పోతుందయ్యా. ఆర్డరు పోతే మీ వీధిలో పొయ్యి వెలగదు. నీకు తెలియందేముంది?"

ఆ మధ్యాహ్నమే అతను భార్యను బాయిలర్ దగ్గరికి తీసుకొచ్చి పార చేతికిచ్చాడు. "ఒక్క పార వెయ్యి. ఇక నీ జోలికి రాదు."

"మొదటిసారప్పుడు ఏమైందయ్యా ఈ తెలివి?" అందామె.

అప్పుడతనికి తట్టలేదు. అంతే. ఆమె పార నింపి మంటలో వేసింది.

ఆమె తిరిగొస్తుంటే పొగ పక్కనుంచే పోయి పాలవాడి భుజం విరిచింది. సాయంత్రానికి సంగతి వీధంతా పాకింది. ముసలీ ముతకా, కుంటివాళ్లూ, పిల్లల్ని చంకనేసుకున్న తల్లులూ బాయిలర్ ముందు బారులు తీరి తలా గుప్పెడు బొగ్గు వేశారు. ఇంత ఎగబడి పనిచేసే జనాన్ని ఎక్కడా చూడలేదని యజమాని మురిసిపోయి ఇంకో చిమ్నీ లేపాడు. రెండు నెలలు ఎవరికీ ఎముక విరగలేదు. కొట్టడానికి మనిషి దొరక్క పొగ కాకుల్ని నలిపింది, కుక్కల్ని చీల్చింది, కరెంటు స్తంభాల్ని వంచింది.

ఒక ఉదయం పదింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లి వేసిన పార బిడ్డకు చెల్లలేదు. మొదటి ఏడుపు వినపడగానే పొగ కిటికీని చట్రంతో సహా పెరుక్కుని లోపలికొచ్చింది. తల్లినీ మంత్రసానినీ తప్పించి బిడ్డ వీపున ఒక్కటిచ్చింది. బాయిలర్ మనిషి బిడ్డను లాక్కుని, గుండెకు అదుముకుని, వంగిపోయి ఫ్యాక్టరీకి పరుగెత్తాడు. పొగ అతన్ని ముట్టకుండా మోచేతికీ డొక్కకీ మధ్య సందు వెతికింది. దొరికింది. చిన్న కాలు విరిగిన చప్పుడు అతనికి వినపడింది.

బాయిలర్ తలుపు తీసి, బిడ్డ చేతిలో చింతగింజంత బొగ్గు పెట్టాడు. గుప్పిట మూసుకుంది. పుట్టిన బిడ్డల గుప్పిళ్లు అంత తేలిగ్గా తెరుచుకోవు. పొగ పొత్తిగుడ్డ లాగేస్తోంది. ఏడుస్తూ ఒక్కో వేలూ విడదీశాడు. బొగ్గు మంటలో పడింది. పొగ గుడ్డ వదిలేసి బయటికెళ్లిపోయింది.

ఇంట్లో మంత్రసాని కాలికి పుల్లలు కట్టింది. తల్లి బిడ్డను ఒళ్లో వేసుకుని, నల్లబడ్డ అరచేతిని గోరువెచ్చని నీళ్లతో కడిగింది. తలెత్తి మొగుడి వైపు చూసింది.

"దీనికింకా పేరన్నా పెట్టలేదు. అప్పుడే పనిలో పెట్టొచ్చావా?"

రెండో షిఫ్టు సైరన్ మోగింది. అతను చెప్పులేసుకున్నాడు.