అబద్ధం పడని లైటు

స్టూడియో షట్టర్ ఎత్తగానే అక్క చేసే మొదటి పని తెల్లగుడ్డకి ఇస్త్రీ. ఒక్క మడత మిగిలినా గాజుసీసా మీద గీతలా కనిపించి ఫోటో పాడవుతుంది మరి.

తమ్ముడు ఫోటోగ్రాఫర్. లైట్ల కోసం తిరగని కొట్టు లేదు. ఫ్లాషుల ధర వింటే నోరెండిపోయింది. "మనుషులకైనా సరుకులకైనా ఇవే చాలు బాబూ, వెలుగెక్కడ పడుతోందో కంటికే కనిపిస్తుంది" అని కొట్టాయన చెబితే, ఆరకుండా వెలిగే ఎల్‌ఈడీలు రెండు తెచ్చుకున్నాడు. వెలుగు మెత్తబడ్డానికి అక్క తెల్లగుడ్డతో పెట్టె కుట్టింది. నీడ తగ్గించడానికి థర్మాకోల్ అట్ట. దాన్ని పట్టుకు నిలబడేదీ అక్కే. వచ్చినవాళ్ళ ముందు ఆ గుడ్డా అట్టా చూస్తే తమ్ముడికి నామోషీ.

అక్క కుట్టిన గుడ్డలోంచి వచ్చే వెలుగుకి అబద్ధం పడదు. అబద్ధమాడిన మనిషి మీద అదీ పడదు. ఊళ్ళో అందరికీ తెలుసు. మొన్నొకాయన ఫోటో దిగుతూ "ముప్పై ఐదండీ నాకు" అనగానే మొహం బొగ్గయింది. "సరే, నలభై రెండు! తియ్యవయ్యా బాబూ" అన్నాడు, వెలిగింది. తల దువ్వుకున్నట్టే నిజం చెప్పేసి కూర్చుంటారు జనం.

ఆ రోజు సెంటు సీసాల కంపెనీ మేడం వచ్చింది. ఆవిడ పని దొరికితే స్టూడియో నిలబడుతుంది, లేదంటే షట్టర్ దించెయ్యడమే. మేడం చూపు గుడ్డపెట్టె మీంచి అట్ట మీదికి, అక్క వెలిసిన చీర మీదికి వచ్చి ఆగింది. తమ్ముడికి తల కొట్టేసినట్టయింది.

"ఆవిడెవరు?"

"పనిమనిషండీ" అనేశాడు.

సీసా తిప్పబోతున్న అతని చెయ్యి చటుక్కున నల్లబడింది. మేడం చూసింది. అక్కవైపు తిరిగింది.

"ఏమ్మా, నిజమేనా?"

భూమి చీలిపోతే బావుండనిపించింది వాడికి. అమ్మ పోయాక రాత్రీపగలూ కుట్టుమిషను తొక్కి తనని చదివించిన మనిషి. స్టూడియో పెట్టాక ఆ మిషను మీద దుప్పటి కప్పేసి ఇక్కడ ఊడుస్తూ, తుడుస్తూ ఉండిపోయింది.

"అవునమ్మా, పనిమనిషినే" అంది అక్క.

అయ్యో, నా పరువు కోసం అబద్ధమాడుతోంది, ఇక అక్క మొహం కూడా నల్లబడుతుందని కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి అక్క మొహం మీద వెలుగు అలాగే ఉంది. ఇసుమంతైనా తగ్గలేదు.

సిగ్గుతో చితికిపోయాడు. "మా అక్కండీ" అన్నాడు. చేతి మీదికి వెలుగు తిరిగొచ్చింది.

మేడం సీసాలు బల్లమీదే వదిలేసి లేచింది. "పని మీకే. ఫోటోలు రేపు పంపండి" అని అక్కకి చెప్పి వెళ్ళిపోయింది.

"అక్కా, బుద్ధి గడ్డి తింది. తప్పయిపోయింది."

"పోన్లేరా. నీ పని నిలబడిందిగా." అక్క లైటు ముందే నిలబడి అట్టని గోడకి ఆనించింది. "రేపట్నుంచి నేను రాను. నా మిషను నేను తొక్కుకుంటా."

కోపంలో అంటోందిలే అనుకున్నాడు. ఆశగా తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

వెలుగు నిండుగా పడుతోంది.