మొదటి పాయ

సూర్యుడొచ్చాడు. అతన్ని చూడ్డానికని చీకట్లోనే లేచి వచ్చిన ఆరుగురిలో ఒక్కరూ అటు చూడడం లేదు. అందరి కళ్ళూ ఫోన్లలోనే ఉన్నాయి. సెవెరినా మాత్రం చూసింది. ఉప్పు మైదానం అంచున ఎర్రగా పైకి లేచి, జీపు నీడను చూపు ఆనినంత దూరం పరిచిన ఆ సూర్యుణ్ణి చూసి ఆమె మనసులో అనుకున్నది ఒకటే. కాస్త నెమ్మదిగా ఎక్కు నాయనా, ఇవాళొక్క రోజూ.

సెవెరినా ఆ యాత్రలో వంటమనిషి. జీపు నడిపేది విల్ఫ్రెడో. కొండల్లోంచి, రంగు నీళ్ళ చెరువుల పక్కనుంచి వచ్చిన యాత్ర ఆఖరి రోజుకి ఉప్పు మీదికి చేరింది. ఈ పూట గడిస్తే అయిపోయినట్టే. మధ్యాహ్నం లోపు సెవెరినా ఒడ్డునున్న తన ఊళ్ళో దిగిపోవాలి. తమ్ముడు తెయోఫిలో కూతురు నయెలికి ఇవాళ పుట్టువెంట్రుకలు తీస్తున్నారు.

వాళ్ళలో మూడో ఏడు వచ్చేదాకా బిడ్డ తల మీద కత్తెర పెట్టరు. ఆ రోజు చుట్టాలంతా వరసగా తలా ఒక పాయ తీస్తారు. మొదటి పాయ ఎవరు కత్తిరిస్తే వాళ్ళే ఆ బిడ్డకు రెండో తల్లి. జ్వరమొస్తే కబురు వెళ్ళేది ఆమెకే, బళ్ళో వేసేటప్పుడు చెయ్యి పట్టుకునేది ఆమే, పెళ్ళిలో పక్కన నిలబడేదీ ఆమే. సెవెరినాకు పిల్లల్లేరు. తమ్ముడి పెద్ద కొడుకులిద్దరికీ జుట్టు తీసినప్పుడు ఆమె ఏదో ఒక యాత్రలో ఎవరికో ఒకరికి సూపు వడ్డిస్తోంది. "మీ అక్క టూరిస్టుల మనిషి. మన వాటాకి వచ్చేది మిగిలిపోయిన బిస్కట్లే" అంది మరదలు గ్రెగోరియా, రెండోసారి. ఈసారి తమ్ముడు ఇంట్లో పోట్లాడి మరీ అక్క పేరు ఖాయం చేశాడు. గ్రెగోరియా ఒప్పుకుంది కానీ ఒక మెలిక పెట్టింది. ఎండ ఎక్కుతుండగానే మొదటి పాయ తియ్యాలి. పొద్దు వాలాక తీస్తే జుట్టు మళ్ళీ ఒత్తుగా రాదని వాళ్ళ అమ్మమ్మల నాటి నమ్మకం. "వదిన రాకపోతే లారీ ఓనరు పెళ్ళాం నియెవెస్ ఉంది. వేళ మాత్రం దాటనివ్వను" అంది.

యాత్రలు నడిపే ఆయనకి సెవెరినా ముందే చెప్పుకుంది. "ఎలాగూ ఆ దారినేగా వచ్చేది! మధ్యాహ్నం వంట ముందే చేసిపెట్టి దిగిపో. కానీ టూరిస్టుల ముందు నీ ఇంటి గొడవలు తియ్యకు, వాళ్ళు సరదాకి వచ్చినవాళ్ళు" అన్నాడాయన. అందుకని ఆమె నోరు మెదపలేదు.

ఆరుగురూ సాంతాక్రూజ్ నగరం వాళ్ళు, కొండల కిందున్న పల్లపు దేశం జనం. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మిర్తా మేడమ్, ఆవిడ కూతురు, అల్లుడు రోనాల్డ్, తోటి టీచర్లిద్దరు, పక్కింట్లో ఉండే ముసలాయన. ఆయనకి మందుల షాపు ఉండేదట.

"సెవెరినా! ఈ టీలో చక్కెర ఎప్పుడైనా కాలు పెట్టిందా?" అని అరిచింది మిర్తా మేడమ్.

"వేశాను మేడమ్. చలికి తెలియడం లేదు."

"మీ ఊళ్ళో చలికి అన్నీ దాక్కుంటాయి. చక్కెరా, సూర్యుడూ, మనుషుల మాటలూ."

టీచర్లిద్దరూ నవ్వారు. సెవెరినా ఇంకో చెంచా వేసి కలిపింది.

అక్కణ్ణుంచి కాక్టస్ చెట్ల దిబ్బ దగ్గరికి వెళ్ళారు. పైకెక్కి చుట్టూ చూసి దిగిరావడమే అక్కడి పని. ఐదుగురు ఎక్కి దిగారు. ముసలాయన మాత్రం చేతికర్రతో మెట్టు మెట్టుకీ ఆగుతూ, ఒక్కో చెట్టు ముందూ నిలబడి పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు పలకరిస్తూ ఎక్కాడు. కింద సెవెరినా పళ్ళేలన్నీ కడిగింది, తుడిచింది, పెట్టెలో సర్దింది, సర్దినవాటిని మళ్ళీ తీసి సర్దింది. ఆయన తల ఇంకా పైనే కనిపిస్తోంది.

"ఈయన దిగేసరికి ఆ చెట్లు ఇంకో జానెడు పెరుగుతాయి" అంది విల్ఫ్రెడోతో.

"పోనీలే చెల్లీ. పెద్దమనిషి."

"నాకు తెలియదా అన్నా పెద్దమనిషని! తిట్టడానికి కూడా వీల్లేకుండా ఉన్నాడు, అదే నా బాధ."

దిగివచ్చిన ముసలాయన జేబులోంచి చాక్లెట్టు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అందరికంటే ముందు లేచేది నువ్వే కదమ్మా, అందరి కంటే ఆఖర్న తినేదీ నువ్వే. ఇది తిను." సెవెరినాకి కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే ఆగిపోయింది. చాక్లెట్టు మాత్రం తింది.

ఇక బయల్దేరదాం అనుకుంటుండగా రోనాల్డ్‌కి ఫొటోల సంగతి గుర్తొచ్చింది. ఆ తెల్లటి నేల మీద ఫొటో తీస్తే దగ్గరి వస్తువు కొండంత, దూరపు మనిషి బొమ్మంత కనిపిస్తాడు. ఉప్పు మీదికి వచ్చిన ప్రతివాడూ ఆ ఆట ఆడకుండా పోడు. సెవెరినాకి అది తెలుసు, దానికి కాస్త సమయం కూడా లెక్కలో వేసుకుంది. వేసుకోనిది రోనాల్డ్‌ని.

"అక్కా, నీ పెద్ద డేగిసా ఇలా ఇయ్యి. అందరం అందులో ఉడుకుతున్నట్టు తీస్తా!"

"అందులో మధ్యాహ్నానికి మాంసం ఊరుతోంది బాబూ."

"ఇంకోదాంట్లో పొయ్యి."

ఇంకోటి లేదు. ఊరేసిన మాంసాన్ని, కొండల్లో మేసే లామా అనే జంతువుది, ఆమె కవర్లోకి ఎత్తి, డేగిసా కడిగి ఇచ్చింది. రోనాల్డ్ ఉప్పు మీద బోర్లా పడుకున్నాడు. మిగతావాళ్ళు దూరంగా వరసకట్టారు.

"అత్తయ్యా, ఎడమకి! మీరు గిన్నెలోంచి బయటికి పోతున్నారు!"

"నేనెప్పుడు ఏ గిన్నెలో ఇమిడానురా!"

"కాస్త వంగండి!"

"వంగే నడుమైతే నీకు పిల్లనెందుకిస్తాను, సర్కస్‌లో చేరేదాన్ని!"

నవ్వుల్లో ఫొటో చెడింది. మళ్ళీ తీశారు. టీచరమ్మ టోపీ ఎగిరింది. మళ్ళీ తీశారు. మేఘం అడ్డొచ్చింది, అది పోయేదాకా ఆగారు. సెవెరినా విల్ఫ్రెడో దగ్గరికి వెళ్ళింది.

"బయల్దేరదీయ్ అన్నా. పొద్దు చూడు ఎక్కడుందో."

"నేనెలా చెప్పను? సరదా చెడగొట్టానని ఆఫీసులో చెబితే నాకు ఇంకో జీపు ఇవ్వరు. నువ్వే అడుగు."

సెవెరినా నాలుగడుగులు వేసింది. మిర్తా మేడమ్ దూరం నుంచే చెయ్యూపి, "నువ్వూ రా, వంటమనిషి లేకుండా గిన్నె ఏమిటి!" అని పిలిచింది. వెళ్ళి ఆ వరసలో నిలబడింది. నవ్వమంటే నవ్వింది కూడా.

జీపు కదిలేసరికి నీడలు కాళ్ళ కిందికి ముడుచుకుంటున్నాయి. ఒడ్డుకి చేరాలంటే రాళ్ళు పోసి కట్టిన గట్టు దారి ఒకటి ఉంది. అది చుట్టు. ఉప్పు కుప్పలు పోసుకునే వైపు నుంచి అడ్డంగా పోతే ఊరు ఎదురుగానే.

"కుప్పల వైపు పోనీ అన్నా" అంది సెవెరినా మెల్లగా.

విల్ఫ్రెడో తల తిప్పి చూశాడు. మైదానం నడుమ ఉప్పు పొర లారీలను మోస్తుంది, ఒడ్డున కుక్కని కూడా మోయదు. పైన తెల్లగా గట్టిగా కనబడుతుంది, కింద నల్లటి బురద. అక్కడ పుట్టినవాళ్ళకి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

"ఆగస్టు కదా, మనకి ఎండు నెల. చినుకు పడి ఎన్నాళ్ళైంది? ఎండి రాయైపోయుంటుంది" అంది ఆమె.

"చెల్లీ..."

"నీకు పుణ్యముంటుంది. ఈసారి కూడా పోగొట్టుకోలేను."

విల్ఫ్రెడో స్టీరింగు తిప్పాడు.

ఉప్పు కుప్పలు కనబడ్డాయి. వాటి వెనక రేకుల కప్పులు, పొగ. గాలి ఇటు తిరిగినప్పుడు డోలు చప్పుడు. సెవెరినా తల మీది గుడ్డ సర్దుకుంది. అప్పుడే పెంకు విరిగినట్టు చిన్న శబ్దమైంది. జీపు ముందు కుడి చక్రం దిగబడి, వెనకాల ఉన్నవాళ్ళంతా ముందుకి తూలారు. విల్ఫ్రెడో రివర్సు గేరు వేశాడు. వెనక చక్రం కూడా కూరుకుపోయింది.

"ఆగస్టు!" అన్నాడు విల్ఫ్రెడో. అంతకంటే ఏమీ అనలేదు. అనుంటేనే బాగుండేది.

అందరూ దిగారు. రోనాల్డ్ ఒక్కడే నెట్టబోయి మోకాలి దాకా దిగిపోయాడు. టీచర్లు దారి తప్పామా అని అడిగారు. మిర్తా మేడమ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మంచి రోడ్డుందని చెప్పారే మొదటి రోజు! ఇటెందుకు తెచ్చావయ్యా?"

విల్ఫ్రెడో బురద వంక చూస్తున్నాడు. చెప్పడనీ, తన మీదే వేసుకుంటాడనీ సెవెరినాకి అర్థమైంది.

"నేనే రమ్మన్నాను మేడమ్" అంది. "అదిగో అదే మా ఊరు. మా తమ్ముడి పాపకి ఇవాళ పుట్టువెంట్రుకలు. మొదటి పాయ నేను తియ్యాలి. పొద్దు వాలేలోపు వెళ్ళకపోతే ఇంకెవరో తీస్తారు."

మిర్తా మేడమ్ ఆమె వైపు ఒక అడుగు వేసింది.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"బయల్దేరకముందు నుంచీ."

"బయల్దేరకముందు నుంచీ!" మిర్తా మేడమ్ గొంతు ఉప్పంతా పాకింది. "నాలుగు రోజులు మాతో ఉన్నావు! పొద్దున్న ఆ డేగిసా ముందు నిలబడి నవ్వావు కూడాను! అప్పుడు చెప్పొద్దూ? ఆ దిక్కుమాలిన ఫొటోలు మానేసేవాళ్ళం కదే! ఏం మనుషులమ్మా మీరు! మేం పల్లపువాళ్ళం నోరు మూయం, మీరు కొండవాళ్ళు నోరు తెరవరు. ఇద్దరి మధ్యా ఆ బిడ్డ జుట్టు..."

"చెప్పొద్దన్నారు మేడమ్ ఆఫీసులో."

"వాడి మొహం! నేను అడగలేదా నిన్ను, ఎందుకు అస్తమానం ఆకాశం చూస్తావని?"

అడిగింది నిజమే, రెండో రోజు. గాలి ఎటు ఉందో చూస్తున్నానని చెప్పింది సెవెరినా. అది గుర్తొచ్చి ఆమెకి ఏడుపొచ్చింది. ఈవిడ మీద పొద్దున్నుంచి పెంచుకున్న కోపమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

ముసలాయన చేతికర్ర ఆమెకి అందించాడు. "ముందు దీంతో పొడిచి చూసుకుంటూ వెళ్ళమ్మా. నాకు జీపుంది ఆనుకోవడానికి, అదెటూ కదలదు."

"వెళ్ళు, ఇంకా నిలబడతావేం! కూడు మేమే వండుకుంటాం. రోనాల్డ్, నీ బలమంతా ఆ ఫొటోలు నొక్కే వేలిలోనేనా, భుజంలో కూడా ఉందా? నెట్టు!" అంది మిర్తా మేడమ్.

సెవెరినా నడిచింది, గట్టి చోట పరుగెత్తింది. కర్ర గుచ్చుకున్న చోటల్లా పక్కకి తప్పుకుంది. ఒకచోట చెప్పు బురదలో ఉండిపోయింది. వంగి లాగితే రాలేదు. వదిలేసింది. ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి ఆమె నీడ ఆమెకంటే ముందే గుమ్మం దాటి లోపల పడింది.

ఆ నీడను చూసే గ్రెగోరియా తల ఎత్తింది. పళ్ళెంలో నాలుగైదు పాయలు, ఒక్కోదానికీ రంగు రిబ్బను. రెండో తల్లి అయిన నియెవెస్ భుజం మీద అందరూ కాగితపు పువ్వులు చల్లేసి ఉన్నారు.

"ఆగాం వదినా" అంది గ్రెగోరియా. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో, అలసట ఉంది. "పొద్దు ఆగలేదు."

తెయోఫిలో అక్క కళ్ళలోకి చూడలేదు, ఆమె బురద కాళ్ళ వంక చూశాడు. సెవెరినా ఏమనగలదు? చక్రం, ఆగస్టు, డేగిసా, చెప్పడానికి చాలానే ఉన్నాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. గ్రెగోరియా కత్తెర చాచింది. "నీ పాయ నువ్వు తియ్యి. వరసలో ఆ మామయ్య తర్వాత."

వరసలో నిలబడింది. ముందున్న మామయ్య పాప వెనక్కి వెళ్ళి మెడ దగ్గర చెయ్యి పెట్టాడో లేదో, నయెలి ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. మూడేళ్ళ జుట్టు అక్కడ తాడులా పెనవేసుకుని ఉండ కట్టింది. ఆయన చటుక్కున ముందువైపు సులువైన పాయ ఒకటి కత్తిరించి పళ్ళెంలో పడేశాడు. ఇంతసేపూ అందరూ చేసింది అదేనని సెవెరినాకి అర్థమైంది. ముందంతా పలచబడింది, వెనక ముడి అలాగే ఉంది.

"దాన్ని గొరిగించేద్దాంలే రేపు" అన్నారెవరో.

సెవెరినా కత్తెర పక్కన పెట్టింది. "కాస్త నూనె ఇవ్వండి" అంది. నేల మీద కూర్చుని పాపను ఒళ్ళోకి లాక్కుంది. నయెలి మొదట గింజుకుంది. తర్వాత అత్త కాలి మీద ఎండుతున్న బురదను గోటితో గీకి, కింద తెల్ల ఉప్పు కనబడితే నాకి చూసి మొహం వికారంగా పెట్టింది. ఈలోగా సెవెరినా వేళ్ళు నూనెతో ముడిలోకి దిగాయి. ఒక్కో వెంట్రుకా విడుతోంది. తొందరేం లేదు. తొందరపడాల్సినదంతా అయిపోయింది.

వరసలోని వాళ్ళు విసుక్కుని బయటికి వెళ్ళి తాగడం మొదలెట్టారు. నియెవెస్ కూడా వెళ్ళింది. పాప తల మెల్లగా బరువెక్కింది.

వాకిట్లో, ఎలాగో బురదలోంచి బయటపడ్డ జీపు హారను మోగింది. ఆ వెనకే మిర్తా మేడమ్ గొంతు. "సెవెరినా! ఉప్పెక్కడ పెట్టావే? ఇంత ఉప్పు మధ్య కూరలో వేసుకోడానికి చిటికెడు లేదు!"

తెయోఫిలో అక్క వంక చూశాడు. ఆమె లేవలేదు.

"నీలం పెట్టెలో, అడుగున ఉందని చెప్పు" అంది. మళ్ళీ ముడి మీదికి వంగింది.