స్లీపరు మొద్దులు

అల్లం వ్యాపారం కలిసొచ్చాక రేవణసిద్ధప్ప షావుకారు ల్యాండ్‌మాస్టర్ కారు కొన్నాడు గానీ, అది నిద్రపోయేది మాత్రం డ్రైవరు పీటర్ వాకిట్లోనే. జహీరాబాదులో షావుకారు ఇంటి సందులోకి ఎడ్లబండి తప్ప మరొకటి దూరదు.

మర్నాడు షావుకారు చుట్టాల పెళ్లికని బీదరు పోవాలి. బ్రేకు మీద కాలు పెడితే పెడలు నేలకంటుతోంది. పీటర్ పొద్దున్నే వెనక చక్రం దగ్గర జాకీ పెట్టి తిప్పుతున్నాడు. కూతురు సుమిత్ర గడప మీద కూర్చుని చూస్తోంది.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలిని తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు కారు కింద పడుకుని చక్రం వెనకున్న నిప్పుల్, అంటే గాలి వదిలే చిన్న మర, విప్పాలి. ఇంకొకరు పైన కూర్చుని పెడలు తొక్కాలి. ఎనిమిదేళ్లుగా కింద పీటర్, పైన అతని భార్య బస్వమ్మ. బస్వమ్మ పోయి మూడు నెలలైంది.

ఆమెకు బండి నడపడం రాదు. కానీ మొగుణ్ణి కారు కిందికి పంపడానికి ఆమెకో పద్ధతి ఉండేది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. కారును ఎత్తి, చక్రం ఊడదీశాక, రైలు పట్టాల కింద వేసే పాత స్లీపరు కట్టెను కోసిన మొద్దులు రెండింటిని ఒకదాని మీద ఒకటిగా ఇరుసు కిందికి జరపాలి. జాకీ దించి బరువంతా వాటి మీదికి రానివ్వాలి. అప్పుడు ఆమె కొంగు నడుముకు చుట్టి, రెండు అరచేతులూ కారుకు ఆనించి మూడుసార్లు ఊపేది.

"కదుల్తలేదు. ఇగ పో," అనేది.

"నా మీద గింత ఫికరా?" అని పీటర్ నవ్వేవాడు.

"నీ మీద ఎవలకు ఫికర్? నీ నెత్తి తాకి బండి సొట్టవోతే షావుకారుకు ఏం చెప్పాలె?"

ఇప్పుడు పీటర్ చక్రం ఊడదీసి గోడకు ఆనించాడు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టలేదు. గోనెసంచి పరిచి, కారే బ్రేకు నూనె పట్టడానికి సీసా, రబ్బరు గొట్టం తీసుకుని నేరుగా కారు కిందికి దూరాడు.

"బిడ్డా, ఎక్కి కూసో. నొక్కు అంటె నొక్కు. వదులు అనేదాక కాలు తియ్యకు. తీస్తె మళ్ల గాలి వోతది."

సుమిత్ర ఒక కాలు లోపల పెట్టింది. కారు జాకీ మీద కిర్రుమని పక్కకు ఊగింది. ఆమె చప్పున దిగింది.

"నాయినా, మొద్దులేవి?"

"లేవు."

"ఏడికి వోయినయి?"

"జర్రంత పని. జాకీ చాలు. ఎక్కు."

"నేనెక్క. అమ్మ ఉంటే గిట్ల దూరుదువా?"

కింద రెంచి నేల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "మీద వడితే వడనీ బిడ్డా," అన్నాడు పీటర్. రేపు ఎండ కాస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు.

సుమిత్ర అరవలేదు. కారు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నువ్వు బయటికి రాకుంటే నేను గూడ వచ్చి పక్కన పండుకుంట."

కూతురు తల లోపలికి వంచడం చూసి పీటర్ గబగబా బయటికి పాక్కుంటూ వచ్చాడు. ఆమె మొహం చూడలేక రెంచిని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

సుమిత్ర కట్టెల దగ్గర వెతికింది. పొయ్యి వెనక వెతికింది. చివరికి తండ్రి మంచం కింద దొరికాయి. ఎనిమిదేళ్ల నూనె, గ్రీజు పోయేలా ఎవరో బూడిద పెట్టి తోమారు. కట్టె రంగు బయటపడింది. ఒక మొద్దు మీద తెల్లటి మైనం చుక్కలు రెండు మాత్రం తోమకుండా వదిలేసి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అమ్మ శవాన్ని ఉంచిన పెట్టె నేలకు తగలకూడదని వాకిట్లో తలవైపొకటి, కాళ్లవైపొకటి ఈ మొద్దులే వేశారు. పక్కన కొవ్వొత్తులు వెలిగించారు. పెట్టె వాటి మీదికి దించాక నాయిన రెండు అరచేతులూ దానికి ఆనించి మూడుసార్లు ఊపి చూశాడు. దుఃఖంలో ఏం చేస్తున్నాడో తెలియడం లేదని చుట్టాలు ఆయన్ని పక్కకు తీసుకుపోయారు. సుమిత్ర కూడా అలాగే అనుకుంది.

మొద్దులను ఒక్కొక్కటే పొట్టకు ఆనించుకుని వాకిట్లోకి మోసుకొచ్చింది.

"వాటికి నూనె అంటుతది బిడ్డా," అన్నాడు పీటర్. "మూడు దినాలు తోమిన."

"అమ్మను ఒక్క పూట మోసినయి నాయినా. నిన్ను ఎనిమిదేండ్లు మోసినయి."

పీటర్ మైనం మీద బొటనవేలు పెట్టి కాసేపు ఉంచాడు. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి వచ్చాడు. మైనం ఉన్న వైపు నలగకుండా మొద్దును తిప్పి ఇరుసు కిందికి జరిపాడు. దాని మీద రెండోది. జాకీ మెల్లగా దించాడు. బరువు కూర్చుంది. అయినా లోపలికి పోలేదు. గోనెసంచి మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

ఆయన దేనికోసం ఆగాడో సుమిత్రకు కాసేపటికి తెలిసింది. ఓణీ కొంగు నడుముకు చుట్టింది. అరచేతులు ఆనించి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ఊపింది.

"కదుల్తలేదు," అంది. 'ఇగ పో' అనకుండా చేత్తో కారు కిందికి చూపింది.

పీటర్ తల ఊపి కిందికి పోయాడు. సుమిత్ర ఎక్కి కూర్చుంది.

"నొక్కు."

తొక్కింది. పెడలు మెల్లమెల్లగా దిగి నేలకు తాకింది. కింద సీసాలో నూనె బుడబుడలాడింది, ఆగింది. సుమిత్ర 'వదులు' అనే మాట కోసం ఎదురుచూసింది. అది రాలేదు. కింది నుంచి ఏదో చప్పుడు వస్తోంది. సీసా అనుకుంది ముందు. కాదు. గోనెసంచి నోట్లో కుక్కుకున్నా ఆగని ఏడుపు.

"పీటరన్నా, బండి బాగయిందా?" పక్కింటి ఎల్లమ్మ గోడవతల నుంచి అడిగింది.

"ఇంక కాలేదు అత్తా," అంది సుమిత్ర.

కాలు తిమ్మిరెక్కింది. పిక్క వణకసాగింది. రెండు చేతులతో మోకాలిని అదిమి పట్టుకుంది. ఆయన చెప్పేదాకా తీయకూడదు.